కుట్టు వేసిన బ్యాగు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయన్నా అని తమ్ముళ్ళు అడిగితే చదువు గురించో, పోటీ పరీక్షల గురించో రాద్దామనుకున్నాను. కానీ మొన్న మన హాస్టల్‌కి వచ్చినప్పుడు గోడ పక్కన చెత్తలో ఒక బ్యాగు కనిపించింది. గుడ్డ గట్టిగానే ఉంది, జిప్పు ఒక్కటే పట్టడం లేదు. రన్నరు వదులైతే పళ్ళు కలవవు. పటకారుతో దాని రెండు పక్కలా కొద్దిగా నొక్కితే చాలాసార్లు మళ్ళీ పడుతుంది. మరీ గట్టిగా నొక్కితే విరుగుతుంది, అదే జాగ్రత్త.

తెలియక పారేశాడని నేననుకోను. సిగ్గుపడి పారేసి ఉంటాడు. ఎందుకంటే నేనూ ఆ పని చేసినవాణ్ణే.

తొమ్మిదో తరగతిలో నా బ్యాగు పట్టీ తెగితే నాన్న మైనం పూసిన దారంతో కుట్టి ఇచ్చాడు. నాన్న చెప్పులు కుడతాడు. ఆ కుట్టు చూసి క్లాసులో ఒకడు "మీ నాన్న కుట్టాడా?" అన్నాడు. మాట మామూలుదే, అన్న తీరు వేరు. మర్నాటి నుంచి పుస్తకాలు చేత్తో పట్టుకుని వెళ్ళాను. బ్యాగు ట్రంకుపెట్టె అడుగుకు పోయింది. సంక్రాంతికి ఇంటికి వెళితే నాన్న "కుట్టు ఆగిందా?" అని అడిగాడు. తలూపాను.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో ఉన్న రోజుల్లో చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. తాను కుట్టిన జత జనరల్ స్మట్స్‌కి ఇచ్చారు. ఆయన కుడితే గొప్పతనం. మా నాన్న కుడితే కులం పని! ఆరె ఎక్కడ గుచ్చాలో, కుట్టుకీ కుట్టుకీ ఎంత ఎడం ఉంటే తోలు చిరగదో తెలియడం కూడా విద్యే కదా. పీజీ చదువుతున్న నాకు అది రాదు.

అలాగని, పేదపిల్లలు ఉన్నదానితో సరిపెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. మన వస్తువు మనం బాగు చేసుకోవడం వేరు. మనకు రావలసిన దుప్పటి రాకపోతే పాతదానికి అతుకు వేసుకొమ్మనడం వేరు. రెండోదాన్ని పొదుపు అనకూడదు, అడగాలి.

బాగు చేసుకునే వీలు కూడా ఒక హక్కే అని ఇప్పుడు పెద్దవాళ్ళూ అంటున్నారు. బ్యాటరీని జిగురుతో అతికించేసిన సెల్‌ఫోన్లు మనం విప్పలేం. ఇలాంటి వాటి కోసమే 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. ఫోన్ల సంగతి వాళ్ళు చూస్తారు. జిప్పులు, చెప్పుల బద్దీలు, సైకిల్ పంక్చర్లు మన చేతిలో పనులే.

అన్నలకు ఒక విన్నపం. ఈసారి వచ్చేటప్పుడు స్వీట్లతో పాటు ఒక పటకారు, స్క్రూడ్రైవర్, పంక్చర్ సొల్యూషన్, సూది, గట్టి దారం తీసుకురండి. హాస్టల్‌లో ఒక పెట్టెలో పెడదాం. ఆరె నేను తెస్తాను. నాన్ననే ఒక ఆదివారం రమ్మని అడిగాను. "పిల్లలు నా దగ్గర నేర్చుకుంటారా?" అన్నాడు. ఇంకా జవాబు చెప్పలేదు. తమ్ముళ్ళూ, మీరే చెప్పాలి.