రౌటర్ బైఠక్‌లో, బిడ్డ మెట్ల మీద



మా ఆదోని, ఎమ్మిగనూరు పక్క ఏ మొహల్లా చూసినా తామీర్ పనులే. పాత మట్టి మిద్దెలు పోయి స్లాబులు లేస్తున్నాయి. ఆస్పరి మండలం కైరుప్పల లాంటి పల్లెల్లోనూ అంతే. ఉగాది మరునాడు పిడకల సమరం రాయడానికి మా పత్రికల వాళ్లం ఆ ఊరికి పోతాం, ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. మిగతా రోజుల్లో అక్కడా జనం ఇళ్లు కట్టుకుంటారు, పిల్లల్ని చదివించుకుంటారు. అది వార్త కాదు కాబట్టి రాయం.

ఈ కొత్త ఇళ్లలో ఒక సంగతి నన్ను చాలా రోజులుగా తొలుస్తోంది. ఎవరింటికి దావత్‌కి పోయినా వైఫై రౌటర్ బైఠక్‌లోనే ఉంటుంది, టీవీ పక్కన, మగవాళ్లు కూర్చునే చోట. లోపలి కమ్రాలో ఇంటరో డిగ్రీనో చదివే ఆడబిడ్డకు సిగ్నల్ అందదు. మెహమాన్లు వస్తే ఆమె బైఠక్‌లో కూర్చోలేదు. దుపట్టా సర్దుకుని, ఫోను పట్టుకుని మెట్ల మీదికి చేరుతుంది. కరోనా ఏడాది ఆన్‌లైన్ క్లాసులప్పుడు ఇలా మెట్ల మీద చదివిన పిల్లలు ఎంతమందో! ఆ తర్వాత కట్టిన ఇళ్లలోనూ అదే నక్షా.

నెట్ మన దాకా రాలేదని ఇప్పుడు ఫిర్యాదు చేసే హక్ మనకు తక్కువ. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను అన్నారు. కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ప్రైవేటు వాళ్లూ వచ్చారు. స్తంభం నుంచి గుమ్మం దాకా వాళ్ల పని. గుమ్మం నుంచి బిడ్డ చదివే కమ్రా దాకా ముప్పై నలభై అడుగులుంటాయి, అది మన పని. మనం చేయనిది అదే.

అసలు చిక్కు గోడల్లో ఉంది. మన పాత ఇళ్ల రాతిగోడలు అడుగున్నర, రెండడుగుల మందం. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన ఆదోని జామా మసీదులోకి మే నెలలో అడుగుపెట్టి చూడండి, ఆ రాతి చల్లదనం ఏమిటో తెలుస్తుంది. ఎండను ఆపిన రాయి వైఫైని కూడా ఆపుతుంది. కొత్త ఇళ్లలో గోడలు పలచనే గానీ స్లాబులో ఇనుప కడ్డీల జాలీ ఉంటుంది. కింద రౌటర్ పెట్టి పై అంతస్తులో సిగ్నల్ వెతికితే యాడ దొరుకుతుంది? బీరువా, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు అడ్డమొస్తే ఇంకా కష్టం. రౌటర్ రెండు రకాల తరంగాలు పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది నిదానమే గానీ గోడ దాటి కొంచెం దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది జోరుగా ఉంటుంది, ఒకటి రెండు గోడలకే అలసిపోతుంది.

దుకాణం వాడేమో ఆరు కొమ్ముల రౌటర్ చూపించి "ఇది తీస్కపోండి భాయ్, ఇల్లంతా వస్తుంది" అంటాడు. కొమ్ములు ఎన్ని ఉంటేనేం, ఫోను కూడా తిరిగి జవాబు పంపాలి కదా. దాని గొంతు చిన్నది. రౌటర్ మాట ఫోనుకు వినబడినా ఫోను మాట రౌటర్‌కు వినబడదు. గోడకు గుచ్చే రిపీటర్ కూడా అంతంతమాత్రమే. వినడం, చెప్పడం ఒకే గాలిలో చేసే రకమైతే స్పీడు సగానికి పడిపోతుంది.

ఖాయమైన ఇలాజ్ వైరే. ప్లాస్టరింగ్‌కు ముందే, కుదిరితే స్లాబుకు ముందే, బైఠక్ నుంచి లోపలి కమ్రాకు ఒకటి, పై అంతస్తుకు ఒకటి అంగుళం పైపు వేయించండి. కరెంటు వైర్లు పోయే పైపు వద్దు, దీనికి అలాహిదా పైపు ఉండాలి. లోపల ఒక లాగుడు తీగ వదిలేస్తే రేపు ఏ వైరైనా లాగొచ్చు. అందులో క్యాట్-6 వైరు వేయించండి. వంద మీటర్ల దాకా దానికి ఢోకా లేదు, మన ఇళ్లు అంత పెద్దవీ కావు. రాగి పూసిన అల్యూమినియం వైరు సస్తాగా దొరుకుతుంది, దాన్ని ముట్టుకోకండి. అసలు రాగిదే అడగండి. ఆ వైరు చివర చిన్న యాక్సెస్ పాయింట్ పెడితే లోపలి కమ్రాకు సొంత సిగ్నల్ వచ్చేస్తుంది. బయటి నుంచి వచ్చే ఫైబర్ మాత్రం గాజు తీగ, మూలలో మడిచి మేకు కొట్టనివ్వకండి. ఫైబర్ డబ్బా, రౌటర్, యాక్సెస్ పాయింట్, మూడింటినీ ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి. ఒక్కటి వదిలేసినా కరెంటు పోయినప్పుడు లోపల నెట్ ఉండదు.

దీని ఖర్చెంతంటారా? ఎలివేషన్ టైల్స్‌కు, బైఠక్ పైన పీఓపీ పువ్వులకు పెట్టే సొమ్ములో ఒక మూల. ఆ పువ్వుల్ని ఫిజూల్‌ఖర్చీ అనం, ఈ వైరును అంటాం.

"లోపల నెట్ ఇస్తే పిల్ల బిగడ్ పోతుంది, కళ్ల ముందుంటేనే మంచిది" అనే బుజుర్గులున్నారు. వాళ్ల ఫికర్‌ను నేను కొట్టిపారేయను. అయితే అదే ఇంటి కొడుకు జేబులో డేటా ప్యాక్ వేసుకుని రాత్రి పదకొండు దాకా చౌక్‌లో ఉంటాడు. అతని సిగ్నల్‌కు గోడలేవీ? కట్టడి కావాలంటే రౌటర్ సెట్టింగుల్లోనే ఉంది, ఫలానా టైముకు నెట్ ఆగిపోయేలా పెట్టొచ్చు. పెడితే కొడుక్కీ, అబ్బా ఫోనుకూ కలిపి పెట్టండి. బిడ్డకు ఒక్కదానికే సిగ్నల్ అందకుండా ఇల్లు కట్టడం తర్బియత్ ఎట్లవుతుంది?

స్లాబుకు ముందు రోజు ఎలక్ట్రీషియన్ పైపులు, డబ్బాలు అమర్చడానికి సైటుకు వస్తాడు. మన దగ్గర ఆ రోజు ఆడవాళ్లెవరూ అక్కడ ఉండరు. ఈసారి తీసుకుపోండి. బిడ్డ ఏ కిటికీ పక్కన కూర్చుని చదువుతుందో, అమ్మీ ఎక్కడ కూర్చుని దుబాయ్‌లో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతుందో వాళ్లనే అడగండి. సుద్దముక్క వాళ్ల చేతికివ్వండి.