తొట్టిలో ఎవరి పక్కన ఎవరు?

గుడిమల్కాపూర్ నుంచి ఒక పాఠకుడు ఇట్లా రాశాడు:

"మామయ్యగారూ! మా ఇల్లు పూల మార్కెట్ వెనక సందులో. నేను పరీక్ష ప్యాసయినందుకు వేసవి సెలవుల్లో మా నాన్న చేపల తొట్టి కొనిపెట్టాడు. తొట్టి పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగు. బోరు నీళ్ళు నింపి, ఆ సాయంత్రమే ఆరు గప్పీలు, రెండు టైగర్ బార్బులు, ఒక ఫైటరు, ఒక ఏంజెలు, ఒక గోల్డ్ ఫిష్ వేశాం. మూడో నాటికి నీళ్ళు మసకబారినై. గోల్డ్ ఫిష్ పైకి వచ్చి గుటకలు వేసేది. ఫైటరు తోక పేలికలైంది. ఎనిమిదో నాటికి మిగిలినవి బార్బులు రెండు, ఆడ గప్పీ ఒకటి. ఆ గప్పీ పొద్దున పిల్లలు పెట్టింది. పదిహేను లెక్కపెట్టాను. సాయంత్రానికి ఒక్కటీ లేదు. నేనే అన్నిటినీ చంపానని మా చెల్లెలు మాట్లాడటం మానేసింది. ఎందుకిట్లా అయింది? చేపల్ని పెంచటం అసలు తప్పా?"

పిల్లలూ! ముందు ఆ చెల్లెలికి ఒక మాట చెప్పాలి. అమ్మాయీ, మీ అన్నయ్య చేపల్ని కావాలని చంపలేదు. అవి ఎందుకు చచ్చిపోయినయ్యో అతనికి తెలియదు. తెలుసుకోవాలనే ఉత్తరం రాశాడు. కావలసిన ఆనవాళ్ళన్నీ ఆ ఉత్తరంలోనే ఉన్నై. ఒక్కొక్కటే తీసి చూద్దాం.

కంటికి కనిపించని విషం

మొదటి ఆనవాలు మసకబారిన నీరు. చేప తిన్నది ఒంటికి పట్టగా మిగిలిన మాలిన్యం చాలావరకు మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. తినకుండా వదిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. ఇది చేపలకు విషం. చెరువులో నీరు ఎక్కువ, చేపలు తక్కువ గనక ఇబ్బంది లేదు. తొట్టి లెక్క వేరు. ఒక ఘనపుటడుగులో సుమారు 28 లీటర్ల నీరు పడుతుంది. మన మిత్రుడి తొట్టి రెండు ఘనపుటడుగులు. అంటే 56 లీటర్లు. గులకరాళ్ళూ, పైన వదిలే ఖాళీ పోతే 45 లీటర్లు మిగులుతాయనుకోండి. అంత కొంచెం నీళ్ళలో పదకొండు చేపలను ఒక్కసారిగా వదిలారు.

పాత తొట్టిలో ఈ విషాన్ని విరిచే పనివాళ్ళు ఉంటారు. వాళ్ళు సూక్ష్మజీవులు. గులకరాళ్ళ మీద, వడపోత స్పాంజిలో కాపురం పెడతారు. ఒక రకంవాళ్ళు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తారు. అదీ విషమే. రెండో రకంవాళ్ళు దాన్ని నైట్రేటుగా మారుస్తారు. దానివల్ల చేపలకు అంత హాని లేదు, పైగా నాచు మొక్కలకు అది ఎరువు. అయితే కొత్త తొట్టిలో ఈ పనివాళ్ళు తగినంతమంది పుట్టటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన మిత్రుడు ఒక్క సాయంత్రం కూడా ఆగలేదు!

అందుచేత తొట్టి కొన్న వెంటనే చేపలను కొనకండి. నీళ్ళు, రాళ్ళు, మొక్కలు పెట్టి వడపోత యంత్రం నడపండి. చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఏ స్నేహితుడి ఇంట్లోనైనా ఉంటే, దాని రాళ్ళు గుప్పెడు అడిగి తెచ్చి వేయండి. రాళ్ళతోపాటు పనివాళ్ళూ వస్తారు. మొదట మూడు నాలుగు గట్టి చేపలనే వదలండి. రోజూ రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయండి. వారానికొకసారి నాలుగోవంతు నీరు తీసి కొత్త నీరు పోయండి. స్పాంజిని కుళాయి కింద కడగరాదు. కుళాయి నీటిలోని క్లోరిను పనివాళ్ళను చంపుతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే దాన్ని పిండాలి. కుళాయి నీరు తొట్టిలో పోసేటప్పుడు కూడా, ముందు ఒక రోజంతా మూత లేని బకెట్టులో నిలవ ఉంచితే క్లోరిను చాలావరకు ఎగిరిపోతుంది.

రెండో ఆనవాలు గోల్డ్ ఫిష్ గుటకలు. అమ్మోనియా మొప్పలను పాడుచేస్తే చేపకు ఊపిరి అందదు. అదీగాక వేసవి. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఉష్ణదేశపు చేపలకు 24 నుంచి 28 డిగ్రీల వేడి హాయి. గోల్డ్ ఫిష్ పుట్టిల్లు చైనా, దానికి చల్లని నీళ్ళు కావాలి. ఎండపడే కిటికీ దగ్గర తొట్టి పెట్టకండి. గాలి బుడగల యంత్రం ఆపకండి. చల్లగా ఉంటుందని ఐసుముక్కలు పడవేస్తే వేడి ఒక్కసారిగా తగ్గి మరింత ప్రమాదం.

నాలుగు ప్రశ్నలు

ఇరుగుపొరుగు కుదరటం మనుషులకే కాదు, చేపలకూ ముఖ్యమే. ఏ చేపనైనా కొనేముందు దుకాణంలో నిలబడి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీనికి ఎటువంటి నీరు కావాలి? ఎంత వేడి కావాలి? పెరిగితే ఎంతవుతుంది? దీని స్వభావమేమిటి?

గోల్డ్ ఫిష్ రెండో ప్రశ్న దగ్గరే తప్పిపోయింది. పైగా అది జానెడు పెరుగుతుంది, మాలిన్యమూ ఎక్కువే. దానికి పెద్ద తొట్టి విడిగా ఉండాలి.

ఏంజెలు మూడో ప్రశ్న దగ్గర తప్పుతుంది. అమెజాన్ నదీ ప్రాంతపు ఈ అందగత్తె దుకాణంలో రూపాయి బిళ్ళంతే ఉంటుంది. పెరిగి అరచేయంత అయ్యాక, నోట పట్టే చిన్న చేపల్ని మింగేస్తుంది. ఇది పగ కాదు. చేపల లోకంలో నోట్లో పట్టేదల్లా ఆహారమే!

టైగర్ బార్బు స్వభావం దగ్గర తప్పింది. ఇవి గుంపు చేపలు. ఎనిమిది పది ఉంటే తమలో తామే తరుముకుంటూ కాలక్షేపం చేస్తాయి. రెండే ఉంటే విసుగు పుట్టి, పొడుగాటి రెక్కలున్నవాటి వెంటపడి కొరుకుతాయి. ఫైటరు తోక పేలికలు కావటానికి కారణం ఇదే కావచ్చు.

ఫైటరు థాయిలాండు చేప. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. రెండు మగ ఫైటర్లు ఒక తొట్టిలో ఉంటే యుద్ధమే. మగ గప్పీ తోక కూడా రంగులతో విసనకర్రలాగా ఉంటుంది. దాన్ని చూసి ఇంకో ఫైటరు వచ్చిందనుకుని మీద పడుతుంది. కనుక ఫైటరును ఒంటరిగా ఉంచటమే మేలు. ఇది నీటిలోని ప్రాణవాయువుతో సరిపెట్టుకోక, పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది. మన కొర్రమీను కూడా అంతే. అందుకే మార్కెట్టులో కొర్రమీను చాలాసేపు బతికి ఉంటుంది. ఈ కొర్రమీనునే 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎన్నుకున్నారు.

మరి మన మిత్రుడి తొట్టికి ఏవి సరిపోతాయి? అతను బోరు నీళ్ళని రాశాడు. హైదరాబాదులో చాలా బోర్ల నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. బకెట్టు అంచున తెల్లని పొర కట్టటం మీరు చూసే ఉంటారు. ఇటువంటి నీరు నియాన్ టెట్రాకు పడదు. గప్పీ, ప్లాటీ, మాలీలకు మాత్రం ఎంతో హితం. కనుక రెండు మగ గప్పీలు, నాలుగు ఆడ గప్పీలు, వాటికి తోడు ఆరు జీబ్రా చేపలు చాలు. మగవి ఎక్కువైతే ఆడవాటిని నిలవనీయకుండా తరుముతాయి. జీబ్రా చేపలు మన దేశపువే. ఒంటినిండా నీలి చారలు. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన గంగానది చేపల గురించి 1822లో ప్రచురించిన గ్రంథంలో వీటిని మొదట వర్ణించాడు. వీటి గుడ్లు అద్దంలాగా ఉంటాయి. గుడ్డు పెట్టిన మర్నాటికే లోపలి పిల్ల గుండె కొట్టుకోవటం మైక్రోస్కోపులో కనిపిస్తుంది! అందుకే ఇవాళ ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వీటిని పెంచుతున్నారు. హైదరాబాదు సీసీఎంబీలో కూడా పెంచుతున్నారు.

పిల్లలు ఏమైనట్టు?

ఇక పదిహేను పిల్లల సంగతి. వాటిని బార్బులూ తిని ఉంటాయి, తల్లీ తిని ఉంటుంది. "ఛీ, ఏం తల్లి!" అనకండి. గప్పీ గుడ్డు పెట్టదు, ఈదగలిగిన పిల్లలనే కంటుంది. కన్నాక అవి తన పిల్లలని దానికి తెలియదు. ఎదురుగా కదిలే ప్రతి నలుసూ దానికి మేతే.

ఆడ గప్పీ తోకవైపు పొట్ట మీద నల్లని మచ్చ ఉంటుంది. మచ్చ ముదిరి, పొట్ట పలకలుగా ఉబ్బితే కాన్పు దగ్గర పడిందన్నమాట. నెలకొకసారి 20 నుంచి 50 దాకా పిల్లలు పుట్టవచ్చు. ఒకసారి మగదానితో కలిస్తే, ఆ తరువాత మగది లేకపోయినా నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది. కాన్పు ముందు తల్లిని నాచు దట్టంగా ఉన్న చిన్న తొట్టిలోకి మార్చండి. పిల్లలు నాచులో దాక్కుంటాయి. అన్నీ పుట్టాక తల్లిని తీసి పాత తొట్టిలో వేయండి. పిల్లలకు ఉడికిన గుడ్డు పచ్చసొన చిటికెలో సగం, నలిపిన మేత పొడి రోజుకు మూడు నాలుగుసార్లు వేయండి. మిగిలినదాన్ని తీసివేయండి.

జీబ్రా చేప తెల్లవారి వెలుగు రాగానే గుడ్లు చల్లుతుంది. వెంటనే వాటిని వెతుక్కుని తింటుంది! దీనికి ఒక ఉపాయం ఉన్నది. తొట్టి అడుగున గోలీలు పరవండి. గుడ్లు గోలీల సందుల్లోకి జారిపోతాయి, చేప నోరు అక్కడికి పోదు. పెద్ద చేపలను తీసేస్తే రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి.

ఫైటరు కథ వేరు. మగది నీటిపైన నురగ బుడగలతో గూడు కడుతుంది. రాలిన గుడ్లను నోటితో ఏరి గూటిలో అంటించి, కాపలా కాస్తుంది. అప్పుడు ఆడదాన్ని వెంటనే తీసెయ్యాలి, లేకపోతే మగది దాన్ని కొరికి చంపవచ్చు. మన కొర్రమీను కూడా చెరువులో తన పిల్లల గుంపు వెంట ఉండి కాపాడుతుంది. చూశారా, ఒక చేప పిల్లల్ని తింటుంది, ఇంకొకటి ప్రాణానికి తెగించి కాస్తుంది!

మరికొన్ని చేపలు కాలం రానిదే గుడ్డు పెట్టవు. బొచ్చె, శీలావతి వానకాలపు కొత్త నీటిలోనే పెడతాయి. నిలవ నీటి చెరువులో ఎన్నాళ్ళున్నా పెట్టవు. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు ఒడిషాలో, ఒక చేప మెదడు కింది పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని మరో చేపకు సూదిమందుగా ఇచ్చి, 1957 జూలై 10న గుడ్లు పెట్టించాడు. అందుకే ఏటా ఆ రోజును జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. తొట్టిలో మనకు సూదిమందులు అక్కర్లేదు. మంచి మేత, శుభ్రమైన నీరు, దాక్కునే చోటు ఉంటే చాలు.

మరో రెండు జాగ్రత్తలు

గుడిమల్కాపూర్ పిల్లలకు ఒక మాట. పూల మీద చల్లిన పురుగుమందు చేపకు విషం. పూలు కడిగిన చేతులతో తొట్టి ముట్టకండి, పూలరేకులు అందులో వేయకండి. దోమల చక్రం తొట్టి ఉన్న గదిలో వెలిగించకండి. చామంతి కుటుంబానికి చెందిన ఒక పువ్వులో పురుగుల్ని చంపే పదార్థం ఉన్నది. దానికి నకలుగా చేసిన మందే చాలా దోమల చక్రాల్లో ఉంటుంది. మనకు అది పెద్దగా చెరుపు చేయదుగాని చేపలకు బహు ప్రమాదం.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక చిన్న లెక్క చేయండి. నాలుగు ఆడ గప్పీలు, ఒక్కొక్కటి నెలకు 30 పిల్లలు. మూడు నెలలకు ఎన్ని? 360! వీటిని ఏం చేస్తారు? "పాపం, మూసీలో వదిలేద్దాం" అనుకుంటారు. అది జాలి కాదు. గాజు తొట్టెల పాచి తింటుందని కొనే సకర్ చేప సంగతి వినండి. అది దక్షిణ అమెరికాది. పెరిగి పెద్దదయ్యాక పెంచలేక ఎవరెవరో వాగుల్లో, చెరువుల్లో వదిలారు. అక్కడ దాన్ని తినేవాళ్ళు లేరు. ఒంటినిండా గట్టి పెంకు, ముళ్ళు. జాలరుల వలలు చించుతున్నది, మన చేపల మేత తింటున్నది. ఆంధ్రలో జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. మీ గుడిమల్కాపూర్ కు దగ్గరలోనే, అత్తాపూర్ లో సీసీఎంబీ వారి వన్యప్రాణి పరిశోధనశాల ఉన్నది. చెరువు నీరు కొంచెం పరీక్షించి, అందులో ఈ చేప ఉన్నదో లేదో చెప్పే పద్ధతిని అక్కడివారు కనిపెట్టారు. నీటిలో కలిసిన దాని డిఎన్ఏ ఆనవాలును బట్టి పోల్చుకుంటారన్నమాట. చూడండి, ఎవరో పారబోసిన బకెట్టు కోసం శాస్త్రజ్ఞులు ఎంత పని చెయ్యవలసి వచ్చిందో!

కనుక పిల్లలు ఎక్కువైతే స్నేహితులకివ్వండి, దుకాణదారుకివ్వండి. లేదా ఆడవీ మగవీ విడివిడిగా పెంచండి. పెద్ద గప్పీలను ఒక నెలపాటు నాచు తీసేసిన తొట్టిలో ఉంచితే, తల్లులే లెక్క సరిచేస్తాయి. అది కూడా ప్రకృతి పద్ధతే.

చేపల్ని పెంచటం తప్పా అని మన మిత్రుడు అడిగాడు. తప్పు కాదు. అయితే చేపకు కుక్కలాగా మొరిగి చెప్పటం రాదు, పిల్లిలాగా గోడ దూకి పోవటమూ రాదు. మనం పోసిన నీటిలోనే, మనం పెట్టిన పొరుగువాళ్ళతోనే అది బతకాలి. అందుకని దాని తరఫున ముందే ఆలోచించటం మన పని. ఈసారి తొట్టి సర్దేటప్పుడు చెల్లెల్ని కూడా పిలు, నాయనా. నీళ్ళు మార్చే రోజు నీది, మేత వేసే లెక్క ఆమెది.

ఈ నెల మీకు పని: మీ ఇంట్లోగాని, మీకు తెలిసినవాళ్ళ ఇంట్లోగాని తొట్టి ఉంటే, దాని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఎన్ని లీటర్లో లెక్కకట్టండి. అందులో ఉన్న ఒక్కొక్క చేపకూ మన నాలుగు ప్రశ్నలు వేసి జవాబులు రాసుకోండి. ఒకదానితో ఒకటి పడని జంట కనిపిస్తే మాకు రాయండి. వచ్చే నెల నాచు మొక్క పగలు ఏ వాయువు వదులుతుందో, రాత్రి ఏది పీలుస్తుందో ఒక సీసాతో పరీక్ష చేసి చూద్దాం.