చేతిపని: అమ్మ పప్పుగుత్తితో పెన్ను

పోయిన నెల గ్రూపులో నేను పెట్టిన చెక్క పెన్ను ఫోటో చూసి చాలామంది "ఏ చెక్క? ఎక్కడ కొన్నావు?" అని అడిగారు. కొనలేదండీ. అది మా అమ్మ పప్పుగుత్తి.

ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఇంటి దగ్గర లేత్ మీద చెక్కపని నేర్పే క్లబ్బు ఒకటుంది. డ్యూటీ లేని శనివారాలు వెళ్తున్నాను. పెన్నుల కోసం కోసిన చెక్కముక్కలు అక్కడ ఒక పెట్టె నిండా ఉంటాయి. నల్లటి ఎబొనీ, ఎర్రటి పదూక్, వంగపండు రంగులో పర్పుల్‌హార్ట్, చారల కోకోబోలో. వాటి ముందు కూర్చుంటే పట్టుచీరల కొట్లో కూర్చున్నట్టే, లేవబుద్ధి కాదు.

మా అమ్మాయి యూనివర్సిటీకి వెళ్తోంది కదా, మన ఎర్రచందనంతో పెన్ను చేసిద్దామని ఆశ పుట్టింది. రాయచోటిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి "ఒరేయ్, కారప్పొడి డబ్బాలో చిన్న ముక్క పెట్టి పంపరా" అన్నాను. "యేందక్కా, నన్ను జైలుకు పంపిద్దామనా?" అని కసిరాడు.

వాడిదే రైటు. ఎర్రచందనం మన కడప, చిత్తూరు, నెల్లూరు వైపు తూర్పు కనుమల్లో తప్ప సహజంగా దాదాపు ఇంకెక్కడా పెరగదు. అనుమతి లేకుండా దేశం దాటిస్తే వేలెడంత ముక్కయినా నేరమే. అరుదైన చెట్లను కాపాడే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. ఎర్రచందనం అందులో ఎప్పటినుంచో ఉంది. రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని 2017 జనవరి నుంచి చేర్చారు. ఆఫ్రికా పదూక్‌ను కూడా 2022 సమావేశంలో చేర్చారు. అందుకని చెక్క కొనేటప్పుడు ఏ చెట్టుది, కాగితాలున్నాయా అని తప్పక అడగండి.

ఇంకో మాట. ఏ రంగు చూసి మోజు పడతామో అది నిలవదు. పర్పుల్‌హార్ట్, పదూక్ రెండూ వెలుతురు తగిలి కొన్నేళ్ళకు గోధుమరంగుకి తిరుగుతాయి.

ఆ రోజు ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్తే సొరుగులో పప్పుగుత్తి కనబడింది. టేకుది. ఇరవై ఏళ్ళ కిందట అమ్మ నా సూట్‌కేసులో చీరల మధ్య పెట్టింది. పిడి పగిలి మూడేళ్ళయింది. అమ్మ పోయి రెండేళ్ళు. వాడలేను, పారేయలేను.

పెన్నుకి బొటనవేలంత లావు, జానెడు కంటే తక్కువ పొడవు చాలు. పిడిని రెండు ముక్కలుగా కోసి, ఒక్కోదానికి మధ్యలో 7 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. నా చెయ్యి వణికింది, ఎందుకంటే చెడిపోతే మళ్ళీ తెచ్చుకునే కొట్టు లేదు. రెండో ముక్కలో పాత పగులు విచ్చుకుంది. పల్చటి సూపర్ గ్లూ పోసి, గట్టిగా కట్టి, ఒక రాత్రి వదిలేశాను. నిలిచింది.

టేకులో నూనె ఉంటుంది. బెజ్జం లోపల అసిటోన్‌తో తుడిచాకే ఇత్తడి గొట్టం అంటించాలి, లేకపోతే ఊడొస్తుంది. చివరలు సమంగా లేకపోతే పెన్ను బిగించాక సందు కనబడుతుంది. టేకు ఉలిని తొందరగా మొద్దు చేస్తుంది, మధ్యమధ్యలో సానపెట్టుకోవాలి. తర్వాత 150 నుంచి 600 వరకు గరుకు కాగితాలు, ఆపైన పాలిష్. పాలిష్‌కి గుడ్డ వాడొద్దు, పేపర్ టవలే వాడండి. గుడ్డ చుట్టుకుంటే వేలు కూడా లాగేస్తుంది.

లేత్ దగ్గరికి వెళ్ళేముందు చున్నీ, గాజులు తీసేయండి, జడ ముడేయండి, మంగళసూత్రం జాకెట్ లోపలికి వేసుకోండి. ముఖానికి షీల్డు, మంచి డస్ట్ మాస్కు తప్పనిసరి. నర్సుగా చెప్తున్నాను, చెక్కపొడి ముక్కు లోపల క్యాన్సర్ తెస్తుందని తేలిన విషయమే. కోకోబోలో పొడికి చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఎంత ఖరీదైన చెక్క అయినా దాని పొడి మాత్రం పీల్చకండి.

పెన్ను చేతికిస్తే మా అమ్మాయి ముందు వాసన చూసింది. "అమ్మమ్మ పప్పు వాసన రావట్లేదే" అంది. రాదు మరి, అంతా చెక్కేశాను కదా. కానీ పిడి మీద అమ్మ చెయ్యి పడి నల్లబడిన చోటు ఒకటి, క్లిప్పు కింద కొంచెం మిగిలేట్టు చూశాను. చూపించాను. ఏమీ అనలేదు, పెన్ను బ్యాగులో జాగ్రత్తగా పెట్టుకుంది.

మీ సొరుగుల్లో కూడా విరిగిన కవ్వమో, అప్పడాల కర్రో ఉండే ఉంటుంది. పారేయకండి. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, పెన్నుకి పనికొస్తుందో లేదో కలిసి చూద్దాం.