ఎన్నికల ముందటి మౌనము

2024 మే 22వ తేదీ సాయంకాలము లండనులో వాన కురియుచుండగా, ప్రధానమంత్రి ఋషి సునాక్ తన అధికార నివాసపు గుమ్మము ముందు గొడుగైనను లేక నిలువబడి, జూలై 4న సాధారణ ఎన్నికలు జరుగునని ప్రకటించెను. ఆరు వారములు ప్రచారము సాగినది. వలసలు, ఆసుపత్రులలో నిరీక్షణ, ఇండ్ల కొరత, ధరలు, అన్నిటిని గూర్చియు ఉపన్యాసములు జరిగినవి. తుదకు లేబరు పార్టీ 411 స్థానములతో అధికారమునకు వచ్చెను. పదునాలుగేండ్లు ఏలిన కన్సర్వేటివు పార్టీ 121 స్థానములకు దిగజారెను. కాని ఆ ఆరు వారములలోను రెండు పెద్ద పార్టీలును ఏకాభిప్రాయముతో తప్పించుకొన్న ప్రశ్న యొకటి గలదు: ప్రభుత్వము చేసెదనన్న పనులకు డబ్బు ఎక్కడినుండి వచ్చును? ప్రభుత్వ ఆదాయవ్యయములను పరిశీలించు ఫిస్కల్ స్టడీస్ సంస్థకు అప్పుడు డైరెక్టరుగా ఉన్న పాల్ జాన్సన్ దీనికి మౌనపు కుట్ర అని పేరు పెట్టెను. కుట్ర అనుటకంటె భయము అనుటయే న్యాయము. ఆ భయమునకు ముప్పదియేండ్లకు మించిన చరిత్ర కలదు.

మౌనమనగా నోరు మూసికొని కూర్చుండుట కాదు. పన్నులను గూర్చి ఉభయ పక్షములును పుష్కలముగనే మాటలాడినవి. ఆదాయపు పన్ను, జాతీయ బీమా చందా, వ్యాట్, ఈ మూడింటి రేట్లను పెంచబోమని ఇరువురును మాట ఇచ్చిరి. బ్రిటిష్ ఖజానాకు చేరు పన్నుల రాబడిలో సగమునకు మించి ఈ మూడింటినుండియే వచ్చును. గాదె తలుపునకు తాళము వేసి, తాళపుచెవిని ఊరందరి యెదుట నూతిలో విసరి, పిదప ఊరందరికిని అన్నదానము చేసెదమని చాటించినట్లున్నది ఈ వరుస. ఎన్నికల ముందు ఆరు నెలలలోనే కన్సర్వేటివు ఆర్థికమంత్రి జెరెమీ హంట్ ఉద్యోగుల బీమా చందాను రెండు విడతలుగా నూటికి 12 నుండి 8కి తగ్గించియుండెను. లేబరు పార్టీ ఆ తగ్గింపును ఎదిరింపలేదు. ఎదిరించినచో పన్నులు వేయు పార్టీ అను ముద్ర పడునని దాని బెదురు.

రేట్లు పెంచబోమను మాటలో ఒక కిటుకు ఉన్నది. విద్యార్థులు దీనిని లెక్కగా చేసి చూచుకొనవచ్చును. బ్రిటనులో ఏటికి 12,570 పౌండ్ల వరకు ఆదాయముపై పన్ను లేదు. ఈ పరిమితి 2021 నుండి కదలలేదు. 2022 అక్టోబరు నాటికి ధరల పెరుగుదల నూటికి 11 దాటినది. ధరలతోపాటు జీతము పెరిగిన బడిపంతులు మునుపు కొన్న సరకులనే కొనుచున్నాడు, అతని స్థితి మెరుగుపడలేదు. కాని పెరిగిన జీతమంతయు పరిమితికి పైబడినది గనుక అతడు చెల్లించు పన్ను మాత్రము పెరిగినది. రేటు పెరుగలేదు, ప్రతిజ్ఞ చెడలేదు, ఖజానా నిండినది. 2028 వరకు ఈ పరిమితిని కదల్పకుండుటకు రెండు పార్టీలును సమ్మతించియే ఎన్నికలకు వెళ్లినవి. గెలిచిన లేబరు ప్రభుత్వము 2025 నవంబరు బడ్జెటులో ఆ గడువును 2031కి పొడిగించెను. 

ఈ భయము 1992లో పుట్టినది. ఆ యేటి మార్చిలో, ప్రతిపక్షముననున్న లేబరు పార్టీకి ఆర్థిక వ్యవహారములు చూచుచుండిన జాన్ స్మిత్, ఎన్నికలకు మునుపే తన బడ్జెటును సిద్ధపరచి ప్రజల ముందుంచెను. పింఛనులను, పిల్లల భత్యమును పెంచెదము, అందులకై అధికాదాయము గలవారిపై నూటికి 50 పన్ను వేసెదము అని దాపరికము లేక చెప్పెను. కన్సర్వేటివులు అంతకు పూర్వమే 'లేబరు పన్నుల బాంబు' అని గోడపత్రికలు అంటించియుండిరి. ఏప్రిల్ 9న లేబరు 271 స్థానములతో వరుసగా నాలుగవ పర్యాయము ఓడినది. స్మిత్ బడ్జెటు వలననే ఓడినదా అన్నది నేటికిని తెగని వివాదము. పార్టీ మాత్రము అట్లే నిశ్చయించుకొనెను. మరి గెలిచినవారి సంగతి యేమి? వ్యాట్‌ను విస్తరించు ఆలోచన లేదని ప్రచారములో చెప్పిన జాన్ మేజర్ ప్రభుత్వము ఏడాది తిరుగకముందే, 1993 మార్చిలో, ఇండ్లలో వాడుకొను గ్యాసుపైనను విద్యుచ్ఛక్తిపైనను వ్యాట్ విధింపబూనెను. ఏరు దాటినదాక ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య అను సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

చిత్రమేమన, ఈ రెండింటిలో పార్టీల నాయకుల మనస్సులలో నాటుకొన్నది మొదటిది. వాగ్దానము తప్పినవాడు కొంతకాలమైనను ఏలెను, ధర ముందుగా చెప్పినవాడు గద్దెయే యెక్కలేదు. 1997 జనవరిలో గార్డన్ బ్రౌన్ ఆదాయపు పన్ను రేట్లను పెంచనని, రెండేండ్లపాటు కన్సర్వేటివుల వ్యయపరిమితులనే పాటించెదనని ప్రతిన పూనెను. మేలో లేబరు ఘనవిజయము సాధించెను. జూలైలో వచ్చిన తొలి బడ్జెటులో పింఛను నిధులకు డివిడెండ్లపై లభించుచుండిన పన్ను రాయితీ రద్దయినది. ఆ మాట ఎన్నికల ప్రణాళికలో లేదు. ముందు ద్వారము మూసికొన్నవారు దొడ్డిదారి వెదకుకొనుట సహజమే గదా!

ఈ మౌనము ఎవరికి కీడు చేసినదో తెలిసికొనవలెనన్న వృద్ధుల సంరక్షణ సమస్యను చూడవలెను. బ్రిటనులో 1948 నుండి వైద్యము ఉచితము. కాని ముదిమిచే మంచము పట్టినవానికి స్నానము చేయించుట, అన్నము తినిపించుట, మతిమరుపు వ్యాధి సోకినదానిని కనిపెట్టియుండుట వైద్యము క్రింద రావు. అవి స్థానిక సంస్థల బాధ్యత. ఇంగ్లండులో 23,250 పౌండ్లకు మించిన ఆస్తి గలవారు ఆ ఖర్చును తామే భరింపవలెను. వృద్ధాశ్రమమున చేరినవారి విషయములో, భార్యయో భర్తయో నివసించుచుండని పక్షమున, ఇంటి విలువయు ఆ లెక్కలోనికి వచ్చును. క్యాన్సరు వచ్చినవానికి ప్రభుత్వము ఖర్చు పెట్టును, మతిమరుపు వచ్చినవాడు ఇల్లు అమ్ముకొనును. ఇది అన్యాయమని అన్ని పార్టీలును ఒప్పుకొన్నవి. పిల్లి మెడలో గంట కట్టుట దగ్గరనే చిక్కు వచ్చినది.

2010లో మూడు పార్టీల ప్రతినిధులు దీనిని గూర్చి రహస్యముగా సంప్రదించుకొనిరి. మరణించినవారి ఆస్తినుండి కొంత తీసికొను ఆలోచనయు చర్చకు వచ్చెను. ఇంతలో కన్సర్వేటివులు దానికి 'చావు పన్ను' అని పేరు పెట్టి గోడల కెక్కించిరి. సంప్రదింపులు చెడినవి. ఏడేండ్లకు కథ తలక్రిందులైనది. 2017 మే 18న కన్సర్వేటివు ప్రధానమంత్రి థెరిసా మే తన ప్రణాళికలో, ఇంటివద్దనే సంరక్షణ పొందువారికి సయితము ఇంటి విలువను లెక్కగట్టెదమని, అయితే లక్ష పౌండ్లు వారికి మిగులునట్లు చూచెదమని తెలిపెను. ఈ మారు పేరు పెట్టినవారు ఎదుటి పక్షమువారు: 'మతిమరుపు పన్ను'. నాలుగు దినములలో, మే 22న, ఆమె వ్యయమునకు గరిష్ఠ పరిమితి యొకటి ఉండునని చేర్చి, ఏమియు మారలేదని పట్టుపట్టెను. జూన్ 8న ఆమె పార్టీ సంపూర్ణాధిక్యతను కోల్పోయెను. ఓటమికి ఇతర కారణములును ఉన్నవి. కాని రెండు ముక్కల పేరు ఒక్కటి చాలును, పదేండ్ల ఆలోచనను పూడ్చిపెట్టుటకు, అన్న సంగతి మరొకమారు రుజువైనది.

చెప్పి ఓడినవారి కథ ఇది. చెప్పకయో, చెప్పినది చేయకయో నడిచినవారి కథ మరియొకటి. వ్యయపరిమితిని 72,000 పౌండ్లుగా నిర్ణయించి 2016 ఏప్రిలునుండి అమలు చేసెదమని 2015 కన్సర్వేటివు ప్రణాళిక వాగ్దానము చేసినది. ఎన్నికలు మేలో ముగిసినవి, జూలైలో అమలు వాయిదా పడినది. 2019లో బోరిస్ జాన్సన్ బీమా చందా పెంచనని చెప్పి గెలిచి, 2021లో ఆరోగ్యమునకును వృద్ధుల సంరక్షణకును నిధులు కావలెనని దానినే పెంచెను. ఏడు వారములు మాత్రము ప్రధానిగా నుండిన లిజ్ ట్రస్ ప్రభుత్వము ఆ పెంపును 2022లో త్రోసిపుచ్చెను. 86,000 పౌండ్ల క్రొత్త పరిమితి మరల వాయిదాపడి, 2024 జూలైలో లేబరు ఆర్థికమంత్రి రేచెల్ రీవ్స్ చేతిలో రద్దయినది. ఈ పదేండ్లలో ఇండ్లు అమ్ముకొన్న కుటుంబములు ఏ పార్టీ లెక్కలోను చేరలేదు.

విద్యారంగమునను ఇదే కథ నడచినది. తెలుగు దేశపు పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. 2009 నవంబరులో నాటి లేబరు ప్రభుత్వము విశ్వవిద్యాలయముల ఫీజుల ప్రశ్నను బ్రౌన్ సంఘమునకు అప్పగించెను. నివేదిక ఎన్నికల తరువాత రావలెనను ఏర్పాటునకు కన్సర్వేటివులును సంతోషముగ సమ్మతించిరి. లిబరల్ డెమోక్రాట్లు మాత్రము ఫీజుల పెంపును వ్యతిరేకించెదమని విద్యార్థుల ముందు ప్రతిజ్ఞాపత్రముపై సంతకములు చేసిరి. సంకీర్ణ ప్రభుత్వమున చేరి 2010 డిసెంబరులో, ఫీజును 9,000 పౌండ్లకు పెంచు తీర్మానమును వారిలో పలువురు బలపరచిరి. వారికి 57 స్థానములుండెను. 2015లో 8 మిగిలినవి. మాటతప్పినందులకు ఇంత కఠినమైన శిక్ష బ్రిటిష్ రాజకీయములలో అరుదు. మౌనము వహించిన పెద్ద పార్టీలకు ఆ శిక్ష తగులలేదు.

2017లో ఫీజు 9,250 పౌండ్లయి, 2025 వరకు అక్కడనే ఆగిపోయెను. ధరలు ఆగలేదు. స్వదేశ విద్యార్థుల ఫీజు చాలక విశ్వవిద్యాలయములు విదేశ విద్యార్థుల ఫీజులతో లోటు పూడ్చుకొనుటకు అలవాటుపడెను. హైదరాబాదులోను గుంటూరులోను బ్యాంకు అప్పు చేసి బిడ్డను లండనుకో బర్మింగుహాముకో పంపిన తండ్రి ఒక విధముగా ఆ దేశపు ఖజానాలోని చిల్లును పూడ్చుచున్నాడు. 2024 ఎన్నికలలో రెండు పెద్ద పార్టీలును వలసలను తగ్గించెదమని పోటీపడి ప్రకటించినవి. ఆ సంవత్సరారంభముననే, పరిశోధన చేయువారు తప్ప తక్కిన విదేశ విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోరాదను నియమము అమలులోనికి వచ్చియుండెను. విదేశ విద్యార్థులు తగ్గినచో కళాశాలల జీతములు ఎవరు చెల్లింతురు? ఉన్నత విద్యకు నిధుల ఏర్పాటు సరిగా లేదని లేబరు ప్రణాళిక ఒప్పుకొనెను; ఏమి చేయునో మాత్రము చెప్పలేదు. ఎన్నికలైన నాలుగు నెలలకు ఫీజు 9,535కు పెరుగునని తెలిసినది.

తప్పు వోటరుదేనని నాయకులు చాటున అనుకొందురు. నిజము చెప్పినవానిని ఓడించువాడు అతడే గదా యని వారి వాదము. ఇది సగము నిజము. మిగిలిన సగము ఎన్నికల పద్ధతిలో ఉన్నది. ఎక్కువ వోట్లు వచ్చినవాడే గెలుచు ఈ పద్ధతి భారతదేశమునకును సుపరిచితమే. 2024లో లేబరుకు నూటికి 33.7 వోట్లు వచ్చినవి, స్థానములు మాత్రము నూటికి 63. నూటికి 14.3 వోట్లు తెచ్చుకొన్న రిఫార్మ్ పార్టీకి దక్కినవి అయిదు, 12.2 తెచ్చుకొన్న లిబరల్ డెమోక్రాట్లకు 72. ఇంత స్వల్ప బలముతో ఇంత పెద్ద భవనము కట్టిన పార్టీ ఒక్క ఇటుకను కదల్పుటకైనను జంకును. వృద్ధుల సంరక్షణను గూర్చి గట్టిగా మాటలాడినవాడు లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు ఎడ్ డేవీ. ప్రభుత్వము నడపవలసిన భయము అతనికి లేకుండెను. అయినను ఆ మాటల వలన అతని పార్టీ నష్టపోలేదు. పెద్ద పార్టీలు ఇది గమనించినట్లు కనబడదు.

ముందు చెప్పని ధర తరువాత చెల్లింపక తప్పలేదు. 2024 జూలై 5న కీర్ స్టార్మర్ ప్రధాని యయ్యెను. అదే నెల 29న, పేద పింఛనుదారులకు తప్ప తక్కిన వృద్ధులకు చలికాలపు ఇంధన భత్యము ఆపివేయబడునని రీవ్స్ ప్రకటించెను. ఆ మాట ఏ వేదికపైనను వినబడియుండలేదు. సుమారు కోటిమంది భత్యము కోల్పోయిరి. 2025 జూన్‌లో ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఏటికి 35,000 పౌండ్ల లోపు ఆదాయము గలవారికి తిరిగి ఇచ్చెదనన్నది. 2024 అక్టోబరు బడ్జెటులో యజమానులు చెల్లించు బీమా చందా నూటికి 13.8 నుండి 15కు పెరిగినది. వాగ్దానము ఉద్యోగుల చందాను గూర్చియే గాని యజమానుల చందాను గూర్చి కాదని ప్రభుత్వ వాదము. ప్రణాళికలోని 'పనిచేయు ప్రజలు' అను రెండు మాటలకు అర్థమేమి అని పత్రికలు వారములకొలది తర్కించుకొనినవి. చిల్లర దుకాణము నడుపువాడు పనిచేయువాడు కాడా? వ్యాకరణ పండితులకు తగిన వివాదమే గాని, దుకాణదారు చెల్లింపవలసిన సొమ్ము అందువలన తగ్గలేదు.

వృద్ధుల సంరక్షణ సంగతి 2025 జనవరిలో లూయీజ్ కేసీ అధ్యక్షతను ఒక సంఘమునకు అప్పగింపబడెను. తుది నివేదికకు నాడు పెట్టిన గడువు 2028. ఆ పార్లమెంటు ఆయుర్దాయము 2029 వేసవితో ముగియును. నివేదిక అందిన నాటికి ఎన్నికల గోడపత్రికలు అచ్చుయంత్రములపై ఉండును. దానికి ఏ రెండు ముక్కల పేరు పెట్టవలెనో ఎదుటి పక్షమువారు అప్పటికే ఆలోచించుకొనియుందురు.