తరంగములకు తూనిక

మన గ్రామములలో సెల్ టవరు నిలువగనే రెండు విధములైన మాటలు పుట్టుచున్నవి. దాని చెంత నివసించినచో రోగము తప్పదని కొందఱందురు. అదంతయు వట్టి భయమని కొందఱు నవ్వుదురు. ఈ రెండును తూచి చూడక పలికిన మాటలే యని మా యభిప్రాయము.

రేడియో తరంగములకు అణువుల బంధములను త్రెంచు శక్తి లేదు. ఎక్స్-కిరణములకును వీనికిని గల ముఖ్యభేద మిదియే. ఇవి మితిమీరినచో దేహమునకు వేడిమి కలిగించునని నిశ్చయముగ దెలిసినది. 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ వీనిని, క్యాన్సరు కలిగింపవచ్చునేమో యని యెంచదగిన 2బి వర్గమున జేర్చెను. అది నేరనిర్ణయము గాదు, అనుమానము మాత్రమే. అనుమానమున్న చోట జాగ్రత్త వలదని యెవ్వ రనగలరు?

భారత ప్రభుత్వ మట్టి జాగ్రత్తనే చూపెను. 900 మెగాహెర్ట్జుల తరంగములకు అంతర్జాతీయ ప్రమాణము చదరపు మీటరునకు 4.5 వాట్లు కాగా, మన ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1 నుండి దానిని పదవ వంతునకు, అనగా 0.45 వాటునకు దగ్గించెను. ఇది ప్రశంసనీయము.

కాని శాసనము వ్రాసినంతనే ప్రజల సందేహము తీరునా? ప్రభుత్వ శాఖవారు కొన్ని టవర్లను దమంతట పరీక్షింతురు. 2017లో తరంగ్ సంచార్ అను వేదికను నెలకొల్పి, కోరిన టవరును గొలిపించుకొను వసతియు గల్పించిరి. అందులకు నాడు విధించిన రుసుము 4000 రూపాయలు. కూలి చేసి బిడ్డలను జదివించు తండ్రికి అది యెన్ని దినముల కష్టార్జితమో యోచింపుడు! పేదవాని సందేహమునకు వెల గట్టుట ధర్మము గాదు. పాఠశాలల, వైద్యశాలల చెంతనున్న టవర్లనైనను ఏటేట ఉచితముగ గొలిపించి, ఆ యంకెలను ఎల్లరు చదువునట్లు తెలుగులో గోడపై వ్రాయింపవలెనని మా మనవి.

విద్యార్థులారా! టవరును దొలగింపుమనుట సులభము. కాని టవరు దూరమై సంకేతము క్షీణించినకొలది మన ఫోను అధికశక్తితో బనిచేయవలసివచ్చును. ఆ ఫోనో, చెవి నంటియుండును. దూరము రెట్టింపైనచో తరంగబలము నాలుగవ వంతగునని భౌతికశాస్త్రమున జదివితిమి గదా! కావున భయపడుటకు ముందు కొలత యడుగుడు. నవ్వుటకు ముందును కొలత యడుగుడు. అడుగు పౌరులున్న చోటనే శాసనము జీవించును.