శుభలేఖ లాంటి సర్టిఫికెట్

కోఠి గుజరాతీ గల్లీలో పదకొండేళ్లుగా ఛార్జర్లు అమ్ముతున్నాను. షెంజెన్ నుంచి కొత్త సరఫరాదారు పంపిన సర్టిఫికెట్ చూసి మురిసిపోయాను. ముద్రలు, సంతకాలు, అచ్చం పెళ్లి శుభలేఖే. అడ్వాన్సు కట్టాక తీరిగ్గా చదివితే, అందులో మోడల్ నంబరు ఒకటి, నాకొచ్చిన శాంపిల్ మీద ఇంకొకటి! అడిగితే, "లోపల సరుకు ఒకటే సార్" అని జవాబు.

లోపల సరుకు ఒకటే అయితే సరిపోదు. ఛార్జర్ అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది మధ్యలో అమ్మేవాడికి కాదు, ఫలానా చిరునామాలో ఉన్న ఫ్యాక్టరీకి ఇస్తారు. అదే యజమాని పక్క వీధి షెడ్డులో బిగించినా దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. ‘ఆర్’తో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో తెలిసిపోతుంది. టీ చల్లారేలోపు అయ్యే పని. కొందరు సీఈ గుర్తు చూపించి మురిపిస్తారు. అది ఐరోపా మార్కెట్ కోసం. ఛార్జర్ల మీద చాలావరకు తయారీదారు తనకు తానే వేసుకునేది.

సరుకు ఆగితే మా గల్లీలో అందరం కస్టమ్స్ వాళ్లను తిడతాం. డబ్బు పంపే ముందు ఆ కాగితం చదవాల్సింది మాత్రం మనమే. నేను ఆర్డరు రద్దు చేసుకున్నాను. అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు.