ఒంట్లో పెట్టినదానికి బిల్లేదీ?

కిందటేడు మిరప కోతలప్పుడు పర్చూరు వైపు ఒక సంఘ సమావేశానికి వెళ్లాను. అందరూ లేచాక ఒకామె నా పక్కన కూర్చుంది. క్యాన్సర్ వచ్చి ఏడేళ్ల క్రితం రొమ్ము తీసేశారు. కొడుకు పట్టుబట్టి నగరంలో సిలికాన్ ఇంప్లాంటు పెట్టించాడు. "రాయిమల్లే గట్టిపడిందమ్మా. వంగి కాయ కోస్తుంటే లాగేస్తోంది. బతికి బట్టకట్టావు చాల్దా అంటారని ఎవరికీ చెప్పలేదు" అంది.

ఏ కంపెనీదని అడిగాను. ఇంటికి తీసుకెళ్లి ప్లాస్టిక్ సంచీ విప్పింది. రేషన్ కార్డు, పాసు పుస్తకం, మొలవని మిరప విత్తనాల ఖాళీ ప్యాకెట్టు, దాని బిల్లు, అన్నీ ఉన్నాయి. ఒంట్లో ఉన్నదాని కాగితం మాత్రం లేదు. ఆసుపత్రివాళ్లు ఇవ్వలేదు. అడగాలని ఆమెకెవరూ చెప్పలేదు.

లాట్ నంబరు విలువ మన పత్తి, మిరప రైతులకి వేరే చెప్పాలా? ఇంప్లాంటుకీ అలాంటి నంబరే ఉంటుంది. ఫ్రాన్సులో పిఐపి కంపెనీ పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. గరుకు పైపొర ఉన్న బయోసెల్ రకంతో అరుదైన లింఫోమా వస్తోందని తేలి, 2019 జూలైలో అలెర్గాన్ కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. కాగితం లేని స్త్రీకి తనది ఏ రకమో ఎలా తెలియాలి?

ఇంప్లాంటు జీవితాంతం మన్నే వస్తువు కాదు. దాని చుట్టూ ఏర్పడే పొర బిగుసుకుని గట్టిపడొచ్చు. రేడియేషన్ తీసుకున్నవారికి ఈ బాధ ఎక్కువ. పగిలినా పైకి తెలియకపోవచ్చు, ఎంఆర్ఐలోనే బయటపడొచ్చు. ఎరుపు, జ్వరం, చీము కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఏళ్ల తర్వాత నీరు చేరి వాస్తే ఆ నీటిని పరీక్ష చేయించాలి. గట్టిపడినదాన్ని ఆపరేషన్ చేసి మార్చొచ్చు, పూర్తిగా తీసేయించుకోనూవచ్చు. ఏది కావాలో తేల్చుకోవలసింది ఆమె, కొడుకూ కాదు, డాక్టరూ కాదు.

చికిత్స వల్ల వచ్చే ప్రమాదాలు, వేరే మార్గాలు వివరించాకే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలున్నాయి. వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఉంది. ఇవేవీ ఆ ఇంటి గడప దాకా రాలేదు. తీసుకెళ్లవలసినవాళ్లం మనమే.

మీ ఊళ్లలో ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లుంటే ముందు "కాగితం ఉందా?" అని అడగండి. లేకపోతే తోడుగా ఆసుపత్రికి వెళ్లండి. ఆ రోజు ఆమెతో కూర్చుని రికార్డుల కోసం దరఖాస్తు రాశాను. దాని నకలు మడిచి, విత్తనాల బిల్లు పక్కనే పెట్టుకుంది.